రీలు ఇంకా కడగలేదు

తీసిన ఫోటో కంటికి కనిపించని కెమెరాను మించిన గొప్ప వస్తువు ఈ కాలంలో ఇంకొకటి లేదని నేను బల్లగుద్ది చెబుతున్నాను. ఆ బల్ల మీదే కెమెరా ఉంది కాబట్టి కొంచెం మెల్లగా గుద్దుతున్నాను.

నవ్వకండి. పసిపిల్లలున్న ప్రతి తల్లీ ఒక సెకండ్ హ్యాండ్ మీడియం ఫార్మాట్ కెమెరా కొనుక్కోవాలి. కుక్కర్ తర్వాత, మిక్సీకి ముందు. నన్నడిగితే దవాఖానలో కాన్పు కాగానే టీకాల కార్డుతో పాటు దాన్ని కూడా చేతిలో పెట్టి పంపాలి.

మీడియం ఏమిటంటారా? నేనూ అదే అడిగాను. మా కామారెడ్డిలో మీడియం అన్న మాటకు ఒకటే అర్థం. పాపను ఇంగ్లిష్ మీడియంలో వేశారా, తెలుగు మీడియంలో వేశారా? కెమెరాలకు కూడా మీడియం ఉంటుందని, అది రోటి పొత్రమంత బరువుంటుందని నాకెలా తెలుస్తుంది? మెడలో వేసుకుంటే మెడ తనంతట తానే వంగుతుంది. మీడియమే ఇలా ఉంటే ఇక లార్జ్ మాట దేవుడెరుగు!

ముందు నా సంసారం సంగతి చెప్పాలి. మా ఆయన శైలేందర్ మస్కట్‌లో ఉంటాడు. నేను, మా నాలుగేళ్ల అనిల కామారెడ్డిలో కిరాయి ఇంట్లో ఉంటాం. మా అత్తమ్మ ఎంకవ్వ బీబీపేటలో ఉంటుంది. మా ఆయన అక్క శ్రీలత వదినను ఆ ఊళ్లోనే ఇచ్చారు కాబట్టి ఆమె కూడా అక్కడే. మేమందరం కలిసుండేది మాత్రం ఫోన్‌లో. 'మన కుటుంబం' అని ఒక గ్రూపుంది. అందులో మేమెంత దగ్గరగా ఉంటామంటే, ఒకరి గుడ్ మార్నింగ్ పువ్వు మీద ఇంకొకరి పువ్వు పడుతూ ఉంటుంది.

నేను భయస్తురాలిని. దాచడమెందుకు? పాప తుమ్మితే ఒక ఫోటో తీస్తాను. తుమ్మి చాలా సేపైతే, ఇంకా ఎందుకు తుమ్మలేదని ఇంకో ఫోటో తీస్తాను. నాలుక ఫోటో, గోళ్ల ఫోటో, తినగా మిగిలిన ఇడ్లీ ఫోటో. నిద్రపోతుంటే వీడియో తీస్తాను, పొట్ట పైకీ కిందికీ ఆడుతోందా లేదా అని. పాప నా పక్కనే పడుకుని ఉంటుంది. నేను అటు తిరిగి వీడియోలో చూసుకుంటుంటాను!

జాగా నిండింది, కొన్ని తీసెయ్యమని ఫోన్ రోజూ మొత్తుకుంటుంది. ఏది తీసెయ్యాలి? తుమ్మింది తీసెయ్యాలా, తుమ్మనిది తీసెయ్యాలా? మీరే చెప్పండి.

ఈ ఫోటోలన్నీ గ్రూపులో పెడతాను. పెట్టీ పెట్టకముందే తీర్పు వస్తుంది.

"పిల్ల బక్కగైంది."

అది శ్రీలత వదిన. ఆమె ఫోటో చూసి బరువు చెప్పగలదు. ఇలాంటి మనిషి ఊళ్లో ఉండగా బీబీపేట అంగన్‌వాడీలో కాంటా ఎందుకు పెట్టుకున్నారో నాకు అర్థం కాదు.

"తినవెడ్తున్నవా, ఫోన్ చూసుకుంట కూసుంటున్నవా?" అని కూడా అడుగుతుంది. ఆ ప్రశ్న ఆమె ఫోన్ చూసుకుంటూ కూర్చునే అడుగుతుందన్నది వేరే సంగతి.

నేనేం చేస్తానో తెలుసా? వెంటనే ఫోటోలో పాప బుగ్గల మీద రెండు వేళ్లు పెట్టి పెద్దది చేసి చూస్తాను. అయ్యో, నిజమే! నిన్నటికీ ఇవాళ్టికీ తగ్గినట్టే ఉన్నాయి! ఆ బుగ్గల సొంతదారు నా ఎదురుగానే కూర్చుని జామకాయ కొరుకుతూ ఉంటుంది. అటు తలెత్తి చూడాలని నాకు తట్టదు. ఎందుకు చూడాలి? ఫోటోలో కనపడుతూనే ఉన్నాయి కదా!

ఒకనాడు వదిన మాట ఇంకో మెట్టెక్కింది. గ్రూపులో వాయిస్ పెట్టింది.

"నువ్వొక్కదానివి ఏం జేస్తవు గని, పిల్లను నా దగ్గర దించు. ఒక్క ఏడాది నేను సాదుత. బొద్దుగ జేసి అప్పజెప్త."

దానికింద అత్తమ్మ ఒక దండం పెట్టింది. మస్కట్ నుంచి మా ఆయన ఒక బొటనవేలు చూపించాడు.

ఆ బొటనవేలు చూశాక తింటున్న పళ్లెం పక్కన పెట్టేశాను. ఫోన్ చేశాను.

"ఏందయ్యా గది? పిల్లను పంపుమని బొటనవేలు సూపిస్తవా?"

"అక్క ఏమన్న పరాయిదా? కొన్ని రోజులు ఉంటె ఏమైతది?"

"నా పిల్లకు ఏం తక్కువైందని?"

"ఫోటోలల్ల కనవడ్తనే ఉన్నది గదా. బక్కగైంది. వచ్చే నెల్ల బడికి సెలవులిస్తరు, అప్పుడు తోలుదాం."

విన్నారు కదా? నా బిడ్డ నా దగ్గర ఉండాలా, బీబీపేటలో ఉండాలా అన్నది నా వంటలో లేదు, నా పెంపకంలో లేదు. ఫోటోలో ఉంది! అయితే ఇక చేయాల్సింది ఒకటే. ఫోటో బాగా రావాలి.

పక్కింటి గౌరవ్వ నా బాధ విని సలహా ఇచ్చింది. "గిప్పుడు ఫోటోలెవలు సూస్తున్నరే పిచ్చిదానా? అంత రీలేనాయె. మంచి రీలు జేసి పెట్టు. పిల్ల ఎగురుకుంట దునుకుకుంట ఉంటె బక్కదని ఎవలంటరు?"

డెబ్బై ఏళ్ల మనిషికి తెలిసింది నాకు తెలియలేదు! కానీ రీలు చేయడానికి మంచి కెమెరా కావాలి. నా ఫోన్‌కున్నది ఒకటే కన్ను. దానికీ గీత పడింది.

సరిగ్గా అప్పుడే, పాత సామాన్లు కొని అమ్మే గ్రూపులో ఆ ప్రకటన కనిపించింది. 'రీలు కెమెరా అమ్మబడును. రెండు కండ్లది. మాల్ గట్టిది. ఎల్లారెడ్డి.'

రీలు కెమెరా! రెండు కండ్లది! దేవుడే పెట్టించిన ప్రకటన కాకపోతే ఏమిటి?

మర్నాడే పాపను తీసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. అమ్మే మనిషి పేరు బాలకృష్ణ. జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం. బోర్డు మీద కొత్త రంగు వేశారు గానీ, దాని కింది నుంచి 'ఫోటో స్టూడియో' అనే పాత అక్షరాలు ఇంకా తొంగి చూస్తున్నాయి. కెమెరా వాళ్ల నాన్నదట. తోలు సంచిలోంచి తీసి బల్ల మీద పెడితే బల్ల కిర్రుమంది. నిజంగానే రెండు కళ్లు. ఒకదాని మీద ఒకటి, నిలువుగా.

"గిది మామూలుది గాదక్కా. మీడియం ఫార్మాట్ అంటరు. ఎల్లారెడ్డిల సగం పెండ్లిళ్లు దీనితోనే అయినయి."

"అదెట్ల?"

"మా బాపు తీసిన ఫోటో చూసే గదా సంబంధాలు కుదిరినయి! ఎసొంటోళ్లయినా కళగ వస్తుండిరి."

"బొద్దుగ వస్తరా?"

"బొద్దుగ గావాల్నంటె బొద్దుగ వస్తరు. సన్నగ గావాల్నంటె సన్నగ వస్తరు. గది మన చేతుల ఉంటది."

"చార్జింగ్ ఎంతసేపు ఉంటది తమ్మీ?"

"చార్జింగే అక్కర్లేదు."

నేను నోరు తెరిచాను. సైన్సు ఇంత దూరం వచ్చిందా! ఎల్లారెడ్డి దాకా వచ్చి కామారెడ్డికి రాకపోవడమేమిటి?

"మరి నెట్టు?"

"నెట్టుతోని పనే లేదు."

"మెమరీ ఎంత?"

"నూటిరవై రీలు వడ్తది."

నూటిరవై రీళ్లు! నా ఫోన్‌లో మూడు రీళ్లు చూసేసరికి కాలిపోతున్నట్టు వేడెక్కుతుంది! ఇంకేం ఆలోచించలేదు. ఎంతకు కొన్నానో ఇక్కడ రాయను. మస్కట్‌లో కూడా తెలుగు చదివేవాళ్లున్నారు.

బస్సులోంచే గ్రూపులో ప్రకటించాను. 'పెద్ద కెమెరా కొన్నాను. ఇకనుంచి ఫోన్ ఫోటోలు బంద్. పాప ఫోటోలన్నీ పెద్ద కెమెరాతోనే.' అందరూ చప్పట్లు కొట్టారు. వదిన మాత్రం 'చూద్దాం' అని రాసింది.

ఇంటికొచ్చి చూస్తే, చూడడానికి తెర లేదు. వీడియో బటన్ లేదు. నొక్కితే టిక్కుమంటుంది, అంతే. బాలకృష్ణకు ఫోన్ చేశాను.

"తమ్మీ, వీడియో యాడ వస్తది?"

"వీడియో ఏందక్కా? ఫోటోల కెమెరా గది. రీలు కెమెరా. రీలు అక్కా, రీలు! ఎనుకట నల్లగ చుట్ట వేస్తుండిరి సూడు, గది."

"నూటిరవై రీళ్లు అంటివి గదా!"

"నూటిరవై నంబర్ రీలు అన్న. అండ్ల పన్నెండు ఫోటోలొస్తయి."

పన్నెండు! మా అనిల ఒక్క అరటిపండు తినే లోపల నేను తీసేవి అంతకంటే ఎక్కువ!

"వాపస్ తీస్కో తమ్మీ."

"అట్లనకక్కా. ఆ కెమెరా ఇల్లు కదిలిందని మా ఇంటామె నువ్వు పోంగనే చుట్టుపక్కలోళ్లకు స్వీట్లు పంచింది."

తప్పు ఒప్పుకుందామా? ఎవరి ముందు? శ్రీలత వదిన ముందా? ఆ క్షణం నుంచే నేను మీడియం ఫార్మాట్ భక్తురాలినయ్యాను. వేరే దారి లేనప్పుడే నిజమైన భక్తి పుడుతుందని మీకూ తెలుసు.

దాని మహిమలు చెబుతాను, వినండి.

రీలు కోసం కామారెడ్డి బజారంతా నడిచాను. ఒంటికి మంచిది. సెల్‌ఫోన్ షాపులో "రీలు ఉన్నదా అన్నా?" అంటే "డాన్సుదా, కామెడీదా?" అన్నాడు. స్టూడియోలో అడిగితే అక్కడివాళ్లు నన్ను జాలిగా చూసి, కూర్చోమని మంచినీళ్లిచ్చారు. ఈ రోజుల్లో అంత మర్యాద ఏ దుకాణంలో దొరుకుతుంది? చివరికి హైదరాబాద్ నుంచి కొరియర్లో తెప్పించుకున్నాను.

ఇందులో తల వంచి, పైనుంచి ఒక చిన్న అద్దంలోకి చూడాలి. గౌరవ్వ ఫోటో తీద్దామని ఆమె ముందు తల వంచి నిలబడితే, "సల్లగుండు బిడ్డా" అని దీవించి లోపలికి వెళ్లిపోయింది. ఏ ఫోన్‌తోనైనా ఇన్ని దీవెనలొస్తాయా?

అద్దంలో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తాయి. పాప కుడికి ఉరికితే నేను ఎడమకు తిరిగేదాన్ని. నేను సరిచేసుకునేలోపు అది ఇల్లంతా తిరిగి వచ్చి నా కొంగు పట్టుకుని నిలబడేది.

మొదటి రీలు సగం తీశాక, ఎలా వచ్చాయో చూద్దామని వెనక మూత తీశాను. ఫోటో తీశాక చూసుకోకుండా ఎవరైనా ఉంటారా?

"అయ్యో, మూత తీసినవా అక్కా!" అని బాలకృష్ణ ఫోన్లోనే నెత్తి కొట్టుకున్నాడు. "ఇగ అయిపాయె. వెలుతురు తాకితె అంత ఖరాబైతది."

ఇంకో రీలు తెప్పించాను. ఈసారి పొదుపు నేర్చుకున్నాను. పాప తుమ్మింది. తీయాలా, వద్దా? తుమ్ముకు ఒక ఫోటో ఖర్చు పెట్టొచ్చా? ఆలోచించేలోపే తుమ్ము అయిపోయింది. చేతిలో ఫోన్ లేదు, కెమెరా తీయలేదు. అప్పుడు నేను ఏం చేశానో తెలుసా?

ముక్కు తుడిచాను!

అన్నిటికంటే పెద్ద మహిమ ఇంకోటుంది. గ్రూపు నిశ్శబ్దమైపోయింది. ఫోటో లేదు, తీర్పూ లేదు. కనపడని పిల్లను బక్కగైందని ఎలా అంటారు?

వదిన ఊరుకుంటుందా? "ఫోటో పంపు" అంది. "రీలు ఇంకా అయిపోలేదు వదినా" అన్నాను. వారం ఆగి ఫోన్ చేసి మళ్లీ అడిగింది. "రీలు ఇంకా కడగలేదు వదినా. కడిగితెనే బొమ్మ వస్తది. హైదరాబాద్ పంపియ్యాలె" అన్నాను.

పక్కనుంచి అత్తమ్మ గొంతు వినపడింది. "కడుగుడే గదనే! దానికి హైద్రాబాద్ ఎందుకు? నల్లల నీళ్లొస్తలేవా?"

మా ఆయన అలిగాడు. వీడియో కాల్ చేసి పాపను చూపించమన్నాడు. చూపించాను. ఆ కాల్‌లో సగంసేపు మా ముఖాలు గడ్డకట్టి ఉంటాయి కాబట్టి ఎవరూ బక్కచిక్కే అవకాశం లేదు. "గ్రూపుల పెట్టవేందే? అవ్వ ఫికరు జేస్తున్నది" అన్నాడు. "పెద్ద కెమెరా పనులు అట్లనే ఉంటయి" అన్నాను.

వారాలు గడిచాయి. బడికి సెలవులిచ్చారు. ఒక ఐతారం పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా అత్తమ్మ, చేతిలో మక్కగారెల డబ్బా. వెనక శ్రీలత వదిన, చేతిలో ఖాళీ సంచి.

"అనిల బట్టలు సదురు," అంది వదిన. చెప్పులు కూడా విడవలేదు.

ఇన్ని రోజుల తెలివీ ఒక్క ఖాళీ సంచి ముందు ఆరిపోయింది. అనుకున్నంతా అయింది. పాపను తీసుకుపోవడానికే వచ్చారు.

అత్తమ్మ పాపను చూసింది. చేతులు చాచింది. పాప ఉరికొచ్చి మీద పడింది. ఆమె ఎత్తుకోబోయి సగంలోనే ఆగింది.

"ఓ యమ్మా! నా నడుము! ఏం బరువే గిది! ఓ శ్రీలతా, నువ్వెత్తు జర."

వదిన ఎత్తింది. ఎత్తినంత తొందరగానే దించింది.

"బట్టల బరువు గావొచ్చు," అంది.

"ఒంటి మీద బనీనే ఉన్నది గదనే!"

"పొద్దుగాల తిన్నది అరగలేదేమో మరి."

"అంటె తింటున్నట్టే గదా! ఎవలే బక్కగైందన్నది? నీ కండ్లు బక్కగైనయి!"

పాప ఈలోపు డబ్బా మూత తీసి ఒక గారె నోట్లో, రెండు చేతుల్లో రెండు గారెలు పట్టుకుని నిలబడింది. ఇంకోటి ఎలా పట్టుకోవాలో తెలియక నానమ్మ ముఖంలోకి చూసింది. అత్తమ్మ నవ్వుతూ కింద కూలబడి దాన్ని ఒళ్లోకి లాక్కుంది. వదిన సంచి మడతపెట్టి చంకలో పెట్టుకుంది. చెప్పులు విడిచింది.

"ఏదీ, గా కెమెరా సూపియ్యి," అంది.

చూపించాను. రీల్లో చివరి ఫోటో ఒక్కటే మిగిలిందని చెప్పాను. ఆ మాటకు ఆ ఇంట్లో వచ్చిన కదలిక చూడాలి! అత్తమ్మ కొంగు సర్దుకుంది. వదిన ముఖం కడుక్కుని, నా డబ్బాలోంచి దోసిలి నిండా పౌడర్ వంపుకుని మెడ దాకా రాసుకుంది. పాప మూతికున్న గారె తుడిచింది. ముగ్గురూ మంచం మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

నేను తల వంచి అద్దంలోకి చూశాను. ముగ్గురూ చిన్నగా, కుడి ఎడమ తారుమారై, అందులో కూర్చుని నన్నే చూస్తున్నారు.

పోయిన వానకాలంలో పాపకు జ్వరమొచ్చి దవాఖానలో ఉన్నప్పుడు కూడా నేను గ్రూపులో ఫోటో పెట్టాను. చేతికి సూది, పక్కన సెలైన్ సీసా. దాని కింద దండాలు వరసగా వచ్చాయి. 'జాగ్రత్త' అని వచ్చింది. 'దేవుడున్నాడు' అని వచ్చింది. బీబీపేట నుంచి కామారెడ్డికి అప్పుడూ బస్సులున్నాయి. ఎవరూ రాలేదు. ఎందుకు వస్తారు? ఫోటోలో అంతా కనపడుతూనే ఉంది కదా! అందరికీ కనపడేలా చూపించింది నేనే.

ఏమీ కనపడకపోయేసరికి ఇద్దరూ బస్సెక్కి వచ్చారు. చూశారా, ఈ కెమెరా మహిమ!

"ఏందే, తల వంచుకోని గట్లనే నిలవడ్డవు? తీసినవా లేదా?" అని అరిచింది వదిన. "ఊపిరి ఆగుతలేదు!"

టిక్కుమనిపించాను. సాయంత్రం బస్సుకు ఇద్దరూ ఖాళీ సంచితో వెళ్లారు. "పిల్ల మంచిగనే ఉన్నది, ఆడనే ఉండనీ," అని అత్తమ్మ నా ముందే మస్కట్‌కు ఫోన్ చేసి చెప్పింది.

హైదరాబాద్ నుంచి ఫోటోలు మొన్ననే వచ్చాయి. నలుచదరంగా, చక్కగా ఉన్నాయి. ముగ్గురున్న ఫోటోను ఫోన్‌తో మళ్లీ ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. బుద్ధి ఎక్కడికి పోతుంది? పెట్టిన వెంటనే ఫోన్ మోగింది.

"పిల్ల బొద్దుగనే ఉన్నది తియ్," అంది శ్రీలత వదిన. నేను ఊపిరి వదిలాను. "గని గింత నల్లగెట్లయ్యింది? ఎండల తిప్పుతున్నవా?"

"అది బ్లాక్ అండ్ వైట్ ఫోటో వదినా."

"అయితేంది? నేను తెల్లగనే వచ్చిన గదా!"

ఆ దోసిలెడు పౌడర్ సంగతి నేను ఎత్తలేదు. పెద్దవాళ్లు.

"మా ఇంట్ల నీడకుంటది. పిల్లను నా దగ్గర దించు. నెల రోజులల్ల తెల్లగ జేసి అప్పజెప్త."

"దించ వదినా. ఫోటోల ఏం తెలుస్తది? నువ్వే వచ్చి చూడు."

"వస్త. ఐతారమే వస్త. అవ్వను గూడ తోల్కొస్త. నల్లగుంటె మాత్రం ఊకోను!"

"అట్లనే," అని ఫోన్ పెట్టేశాను. ఐతారానికి బియ్యం ఎన్ని పోయాలో, అత్తమ్మకు చుక్కకూర దొరుకుతుందో లేదో చూసుకోవాలి.